వేడన్నం, చద్దన్నం, నెయ్యన్నం: స్టార్చ్ జీర్ణమయ్యే వేగాన్ని గొట్టంలో కొలిచిన ప్రాజెక్టు డైరీ

గోదావరి డెల్టాలోని ఒక డిగ్రీ కళాశాల బయోకెమిస్ట్రీ ల్యాబులో మూడో సంవత్సరం విద్యార్థులతో కలిసి నడుపుతున్న పని ఇది. అన్నాన్ని వేడివేడిగా తిన్నప్పుడు, రాత్రంతా ఉంచి తిన్నప్పుడు, పప్పూ నెయ్యీ కలుపుకొని తిన్నప్పుడు, అందులోని స్టార్చ్ గ్లూకోజుగా విడిపోయే వేగం ఎంత మారుతుందన్నదే ప్రశ్న. చద్దన్నం తింటే షుగరు పెరగదన్న మాట మా ప్రాంతంలో ఇంటింటా వినిపిస్తోంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి)–ఇండియాబ్ సర్వే దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దానికి ముందరి ప్రీడయాబెటిస్ దశలో ఉన్నవారు 13.6 కోట్లు ఉంటారని అంచనా వేసిన తరువాత, అలాంటి మాటను కొలవకుండా వదిలేయడం సరికాదని మాకు అనిపించింది.

మనుషుల మీద ప్రయోగం ఇందులో లేదు. ఉన్నదంతా పరీక్షనాళికల్లో జరిగిన పని. రంగు ఎంత ముదిరిందో కొలిచే మామూలు కలరీమీటర్, వాటర్ బాత్, చిన్న సెంట్రిఫ్యూజ్ ఉన్న ఏ కళాశాలలోనైనా దీన్ని తిరిగి చేయవచ్చు. ఎక్కడ లెక్క తప్పుతుందో, ఏది మారిస్తే కుదిరిందో ఆ భాగాలనే ఎక్కువగా రాస్తున్నాను.

దశ 1: పద్ధతి

కేంబ్రిడ్జిలో పనిచేసిన హాన్స్ ఇంగ్లిస్ట్ బృందం 1992లో ప్రచురించిన పద్ధతిని ఆధారంగా తీసుకున్నాం. అందులో స్టార్చ్‌ను మూడు భాగాలుగా చూస్తారు. ఎంజైము కలిపిన 20 నిమిషాల్లో విడిపోయేది త్వరగా జీర్ణమయ్యే స్టార్చ్. 20 నుంచి 120 నిమిషాల మధ్య విడిపోయేది నెమ్మదిగా జీర్ణమయ్యేది. 120 నిమిషాల తరువాత కూడా మిగిలిపోయేది చిన్నపేగును దాటి పెద్దపేగుకు చేరే నిరోధక స్టార్చ్. మా ల్యాబుకు తగినట్టు కుదించుకున్న క్రమం ఇది:

1. 500 మి.గ్రా. స్టార్చ్ ఉండేంత అన్నాన్ని తూచి, మూత ఉన్న 50 మి.లీ. గొట్టంలో వేయాలి.
2. పెప్సిన్ (ప్రోటీన్‌ను కోసే ఎంజైము), గ్వార్‌గమ్ కలిపిన 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోసి, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచాలి.
3. 5 గాజు గోలీలు వేసి, సోడియం ఎసిటేట్ బఫర్‌తో పీహెచ్‌ను 5.2కు తేవాలి.
4. స్టార్చ్‌ను గ్లూకోజుగా విడదీసే పాంక్రియాటిన్, అమైలోగ్లూకోసిడేజు ఎంజైములు కలిపిన ద్రవం 5 మి.లీ. చేర్చాలి. మొత్తం ఘనపరిమాణం 25 మి.లీ. అయ్యేలా చూసుకొని, షేకర్ బాత్‌లో పెట్టి గడియారం మొదలుపెట్టాలి.
5. 0, 20, 120 నిమిషాల దగ్గర 0.2 మి.లీ. చొప్పున తీసి, 66 శాతం ఆల్కహాలు 4 మి.లీ.లో కలపాలి. ఎంజైము అక్కడితో ఆగిపోతుంది.
6. సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట నుంచి 10 మైక్రోలీటర్లను 1 మి.లీ. రంగు రియేజెంటులో కలిపి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి రీడింగు తీసుకోవాలి.

పాంక్రియాటిన్‌లోని అమైలేజుకు ఇష్టమైన పీహెచ్ 7కు దగ్గరగా ఉంటుంది, అమైలోగ్లూకోసిడేజుకు 4.5 చుట్టుపక్కల ఉంటుంది. 5.2 అన్నది రెండింటికీ మధ్య కుదిర్చిన రాజీ. గ్వార్‌గమ్ మన గోరుచిక్కుడు గింజల జిగురే. అన్నం మెతుకులు అడుక్కి దిగిపోకుండా పట్టి ఉంచడానికి అది కావాలి. అది లేకుండా నడిపిన గొట్టాల్లో మెతుకులు అడుగున పేరుకుపోయి, ఒకే అన్నానికి మూడు గొట్టాల్లో మూడు రకాల అంకెలు వచ్చాయి.

బియ్యం ఒకే సంచిలోది, బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి ఇదే. బరువు ప్రకారం ఒక వంతు బియ్యానికి రెండు వంతుల నీళ్లు పోసి ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వండాం. గంజి వార్చలేదు, ఎందుకంటే వార్చిన గంజితో పాటు కొంత స్టార్చ్ కూడా పోతుంది.

గొట్టాలు దించకముందు వాటర్ బాత్‌ను పరీక్షించాలి. తెర మీద 37 కనిపిస్తున్నప్పుడు మా బాత్‌లో హీటరుకు దూరంగా ఉన్న మూలలో థర్మామీటరు 34.5 చూపించింది. ఆ మూల వరుసను ఖాళీగా వదిలేశాం. కరెంటు పోయిన రన్లను, అంటే ప్రయోగపు విడతలను, అతుకులు వేసి కాపాడే ప్రయత్నం చేయకుండా పారబోయడమే మేలు.

దశ 2: గంటగంటకూ మారిన స్టాండర్డ్

రంగు రియేజెంటు గ్లూకోజ్ ఆక్సిడేజు–పెరాక్సిడేజు రకానిది. మొదటి ఎంజైము గ్లూకోజును ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. రెండోది ఆ పెరాక్సైడుతో ఫినాల్, 4-అమైనోయాంటీపైరిన్‌లను కలిపి గులాబీ రంగు తెప్పిస్తుంది. ఆ రంగును 505 నానోమీటర్ల దగ్గర చదవాలి. మా కలరీమీటర్‌లో ఉన్న దగ్గరి ఫిల్టరు 520. ప్రతి రన్‌లోనూ స్టాండర్డ్, అంటే గ్లూకోజు ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవం, నడిపితే దానితో పని జరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కిట్ కొనకుండా రియేజెంటును మేమే తయారుచేసుకున్నాం. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి తొడుగులు తప్పనిసరి.

పొద్దున్నే గ్లూకోజును నీళ్లలో కరిగించి తయారుచేసిన 100 మి.గ్రా./డె.లీ. స్టాండర్డ్ 0.36 చదివింది. మధ్యాహ్నానికి అదే సీసాలోని ద్రవం 0.42కు చేరింది. పిపెట్‌ను నీటి బరువుతో సరిచూశాం, ఫిల్టరు తుడిచాం, కొత్త రియేజెంటు కలిపాం. మర్నాడు తాజాగా చేసిన స్టాండర్డ్ మళ్లీ 0.36 దగ్గరే మొదలైంది, ముందురోజు సీసా మాత్రం 0.42 దగ్గర నిలకడగా ఉంది.

కారణం గ్లూకోజు అణువులోనే ఉంది. సీసాలో కొన్న పొడి గ్లూకోజు ఆల్ఫా రూపంలో ఉంటుంది, గ్లూకోజ్ ఆక్సిడేజు బీటా రూపాన్నే పట్టుకుంటుంది. నీళ్లలో కరిగాక ఆల్ఫా నెమ్మదిగా బీటాగా మారుతూ, సుమారు 36 వంతులు ఆల్ఫా, 64 వంతులు బీటా అయ్యేదాకా సాగి అక్కడ నిలుస్తుంది. కొనే కిట్లలో చాలావాటిలో ఈ మార్పును వేగవంతం చేసే మ్యూటరొటేజు అనే ఎంజైమును కలుపుతారు. మా రియేజెంటులో అది లేదు. తాజా స్టాండర్డ్ తక్కువ చదివితే దానితో పోల్చిన ప్రతి శాంపిలూ అంతకంత ఎక్కువగా కనిపిస్తుంది. 0.42ను 0.36తో భాగిస్తే 1.17 వస్తుంది, అంటే ఏ అన్నమైనా సరే 17 శాతం ఎక్కువ గ్లూకోజు ఇచ్చినట్టు లెక్క తేలుతుంది. అదే దిశలో లాగేది మరొకటి ఉంది: అమైలోగ్లూకోసిడేజు స్టార్చ్ నుంచి విడదీసే గ్లూకోజు బీటా రూపంలోనే బయటికి వస్తుంది, అందుచేత శాంపిలును వెంటనే చదివితే అది ఎక్కువ చూపుతుంది.

మార్చినవి:

1. స్టాండర్డ్‌ను 0.1 శాతం బెంజోయిక్ ఆమ్లంలో ముందురోజే తయారుచేసి రాత్రంతా ఉంచుతున్నాం. బెంజోయిక్ ఆమ్లం బూజు పట్టకుండా కాపాడుతుంది.
2. ఆల్కహాలులో ఆపిన శాంపిళ్లను కూడా మూత బిగించి రాత్రంతా ఉంచి, మర్నాడే చదువుతున్నాం.
3. రియేజెంటు నలుపు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంటుంది. దానంతటదే గులాబీ రంగుకు తిరగడం మొదలైతే పారబోస్తాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతి కూడా రంగును కొలిచేదే. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు రావలసిన వేగంతో రాకుండా ఆలస్యంగా ముదురుతూ పోవడాన్ని వారు కొలతలో దోషమని కొట్టిపారేయలేదు. ఆ ఆలస్యాన్ని వెంబడించి, సులువుగా విడిపోయే ఫాస్ఫేట్ ఒకటి కండరంలో ఉందని 1927లో చూపారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. రీడింగు కాలంతో మారుతుంటే సగటు తీసి ముందుకు సాగకూడదని మా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇంతవరకు వాడిన రంగు రియేజెంటు: సుమారు 50 మి.లీ.

దశ 3: అన్నం లేని గొట్టం

అన్నం వేయకుండా మిగతావన్నీ పోసిన గొట్టం ఎంజైము బ్లాంక్. దాని రీడింగు సున్నాకు దగ్గరగా ఉంటుందని అనుకోవడం సహజం. మా దగ్గర అది 0.03 వచ్చింది. అమైలోగ్లూకోసిడేజు బూజు జాతి శిలీంధ్రాల నుంచి తీసే ఎంజైము. అది తయారయ్యేటప్పుడు మిగిలిన కొంత గ్లూకోజు సీసాలోనే ఉంటుంది.

0.03 చిన్న అంకెలా కనిపిస్తుంది కాబట్టి లెక్క మొత్తాన్ని ఒకసారి చూపిస్తాను. మెత్తగా చిదిపిన వేడన్నం 20వ నిమిషం రీడింగు 0.35, స్టాండర్డ్ 0.42.

1. బ్లాంక్ తీసేస్తే 0.32. దాన్ని 0.42తో భాగించి 100తో గుణిస్తే 76.2 మి.గ్రా./డె.లీ.
2. ఆల్కహాలులో 21 రెట్లు పలచన చేశాం కనుక 1,600 మి.గ్రా./డె.లీ., అంటే మి.లీ.కు 16 మి.గ్రా.
3. గొట్టంలో 25 మి.లీ. ఉంది కనుక మొత్తం గ్లూకోజు 400 మి.గ్రా.
4. స్టార్చ్‌గా మార్చడానికి 0.9తో గుణిస్తే 360 మి.గ్రా. స్టార్చ్ విడిపోయేటప్పుడు ప్రతి గ్లూకోజుకూ ఒక నీటి అణువు వచ్చి చేరుతుంది, ఆ బరువును తీసేయడమే ఈ 0.9.
5. వేసిన 500 మి.గ్రా.లో 360 అంటే 72 శాతం.

బ్లాంక్ తీయకుండా ఇదే లెక్క చేస్తే 79 శాతం వస్తుంది. ఏడు పాయింట్ల తేడా అన్నానిది కాదు, ఎంజైము సీసాది. పైగా సీసా మారితే బ్లాంక్ కూడా మారుతుంది. అందువల్ల ప్రతి రన్‌లోనూ మూడు బ్లాంక్ గొట్టాలు తప్పనిసరిగా పెడుతున్నాం. 0వ నిమిషం రీడింగును కూడా విడిగా రాస్తున్నాం. రాత్రంతా నానిన అన్నంలో సూక్ష్మజీవులు ముందే విడదీసిన గ్లూకోజు కొంత ఉండవచ్చు, దాన్ని మా ఎంజైము ఖాతాలో వేయకూడదు.

పాంక్రియాటిన్ పొడి పూర్తిగా కరగదు. నీళ్లలో కలిపి పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, మీద ఉన్న తేటనే వాడాలి. ఆ మడ్డిని వాడితే ద్రవం మసకబారి, మసక కూడా రంగుగానే లెక్కలోకి వస్తుంది.

ఆల్కహాలు తెచ్చిన ఇబ్బందులు రెండు. ఫ్యాను కింద మూత లేకుండా ఉంచిన గొట్టాల్లో ఆల్కహాలు ఆవిరై గ్లూకోజు చిక్కబడింది. మైక్రోపిపెట్ కొనలో నుంచి ఆల్కహాలు దానంతటదే చుక్కగా జారిపోతుంది. కొనను అదే ద్రవంతో రెండు మూడు సార్లు తడిపిన తరువాత కొలిస్తే జారడం ఆగింది. అలాగే అన్నం ద్రవం తీసేటప్పుడు మెతుకు ముక్కలు అడ్డుపడతాయి కనుక 0.2 మి.లీ. తీసే కొనను బ్లేడుతో కొంచెం కత్తిరించి రంధ్రం పెద్దది చేసుకోవాలి. కత్తిరించిన తరువాత నీటిని తూచి ఘనపరిమాణం సరిచూడాలి.

ఇంతవరకు వాడిన రంగు రియేజెంటు: సుమారు 75 మి.లీ.

దశ 4: నీళ్లు చేసే మోసం

తొలి పోలికలో చద్దన్నం అద్భుతంగా కనిపించింది. 20వ నిమిషానికి వేడన్నం 72 శాతం దగ్గర ఉంటే చద్దన్నం 57 దగ్గర ఆగింది. ఆ అంకెను అక్కడే వదిలి ఉంటే ఊళ్లో వినిపించే మాటకు ల్యాబు ముద్ర పడిపోయేది.

రెండింటినీ 1.76 గ్రాముల చొప్పునే తూచాం. వేడన్నాన్ని 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంతవరకు ఎండబెడితే 32 శాతం ఘనపదార్థం మిగిలింది. నీళ్లలో రాత్రంతా నాని, వడగట్టిన చద్దన్నంలో 27 శాతమే మిగిలింది. మెతుకు నీళ్లు తాగి ఉబ్బింది. అందువల్ల ఒకే బరువుకు చద్దన్నం గొట్టంలో 500 మి.గ్రా. బదులు 421 మి.గ్రా. స్టార్చే పడింది. గొట్టంలో తక్కువ స్టార్చ్ ఉంటే తక్కువ గ్లూకోజే వస్తుంది. అది జీర్ణమయ్యే వేగంలో తేడా కాదు, ముద్దలో నీళ్లు ఎక్కువ ఉండడం.

మనిషి విషయంలో ఇది పూర్తిగా పనికిరాని సమాచారం కాదు. కంచంలో అదే పరిమాణంలో అన్నం పెట్టుకుంటే చద్దన్నంతో నిజంగానే తక్కువ స్టార్చ్ లోపలికి వెళ్తుంది. కానీ ఆకలి తీరక మరో గరిటె పెట్టుకుంటే ఆ లాభం పోతుంది. ఈ రెండు విషయాలనూ ఒకే అంకెలో కలిపితే ఎవరికీ ఉపయోగం ఉండదు.

మార్చినవి:

1. ప్రతి రకం అన్నానికీ ముందురోజు తేమ కొలుస్తున్నాం.
2. బియ్యంలో పొడి బరువు మీద స్టార్చ్ సుమారు 88.6 శాతంగా తీసుకొని, 500 మి.గ్రా. స్టార్చ్‌కు కావలసిన తడి బరువు లెక్కిస్తున్నాం. వేడన్నానికి 1.76 గ్రాములు, నానిన చద్దన్నానికి 2.09 గ్రాములు.
3. ఘనపరిమాణాన్ని 25 మి.లీ.కు సరిచేసే నీళ్లను ఆ తేడాకు తగినట్టు తగ్గిస్తున్నాం.

ఇలా సరిచేసిన తరువాత చద్దన్నం 57 నుంచి 68కి లేచింది.

ఇంతవరకు లెక్కను వంకర చేయగలవని తేలినవి: తాజా స్టాండర్డ్ 17 శాతం, బ్లాంక్ 7 పాయింట్లు, నీళ్లు 16 శాతం. రంగు రియేజెంటు: సుమారు 120 మి.లీ.

దశ 5: నమలడం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన భాగం ఇది. అన్నాన్ని గొట్టంలో ఎలా వేస్తామన్నది రాయకుండా అంకెలు మాత్రమే ఇచ్చే నివేదికలను ఇక మీదట నమ్మలేను.

ఒకే కుక్కర్‌లోని ఒకే వేడన్నాన్ని మూడు రకాలుగా వేశాం. మొదటిది పూర్తి మెతుకులు. రెండోది స్టీలు జల్లెడ గుండా గరిటెతో నొక్కి చిదిపినది, అంటే బాగా నమిలిన ముద్దకు దగ్గరగా ఉండేది. మూడోది మిక్సీలో తిప్పి జావలా చేసినది. 20వ నిమిషానికి విడిపోయిన స్టార్చ్ ఇలా వచ్చింది:

1. పూర్తి మెతుకులు: 47 శాతం.
2. చిదిపినది: 72 శాతం.
3. జావ: 88 శాతం.

బియ్యం ఒకటే, వండిన పద్ధతి ఒకటే, ఎంజైము ఒకటే. మెతుకు ఎంత చితికిందన్న ఒక్క తేడాతో అంకె 41 పాయింట్లు కదిలింది. ఎంజైము మెతుకు ఉపరితలం నుంచి లోపలికి పోవాలి. మెతుకు ముక్కలైన కొద్దీ దానికి దొరికే ఉపరితలం పెరుగుతుంది. 120వ నిమిషానికి ఈ మూడూ దగ్గరకు వచ్చేశాయి, అంటే మారింది విడిపోయే మొత్తం కన్నా విడిపోయే వేగం.

నమిలే తీరు మనిషి మనిషికీ మారుతుంది. పళ్లు లేని పెద్దవారికి అన్నాన్ని గుజ్జుగా చేసి పెట్టే ఇళ్లు మనకు తెలుసు. మధుమేహం ఉన్న పెద్దవారికి మెత్తగా పిసికి పెట్టే ముద్దనూ, అదే బియ్యంతో పొడిపొడిగా వండి పెట్టే ముద్దనూ ఒకటిగా చూడలేమని ఈ మూడు అంకెలు సూచిస్తున్నాయి. దంతవైద్యానికీ షుగరుకూ ఉన్న ఈ సంబంధాన్ని మన దగ్గర తగినంతగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం.

ఇక్కడి నుంచి అన్ని శాంపిళ్లనూ ఒకే జల్లెడ గుండా, ఒకే మనిషి చేత, ఒకే వైపుగా నొక్కించి చిదుపుతున్నాం. చల్లారిన అన్నం గట్టిపడి జల్లెడలో ఇరుక్కుంటుంది, పట్టి పట్టి నొక్కితే ఎక్కువ చితుకుతుంది. అందువల్ల ఫ్రిజ్ అన్నాన్ని మూసిన గొట్టంలో 37 డిగ్రీలకు తెచ్చిన తరువాతే జల్లెడ పడుతున్నాం.

రంగు రియేజెంటు: సుమారు 185 మి.లీ.

దశ 6: చల్లారిన అన్నం

దోషాలన్నీ ఒక దారికి వచ్చాక అసలు పోలిక. అన్నీ పొడి బరువు మీద సరిచేసినవే, అన్నీ చిదిపినవే. 20వ నిమిషం అంకె ముందు, 120వ నిమిషం అంకె తరువాత:

1. వేడన్నం: 72, 92.
2. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచినది: 60, 84.
3. ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ ఆవిరి మీద వేడిచేసినది: 66, 87.
4. నీళ్లలో గది వేడిమి దగ్గర రాత్రంతా నానిన చద్దన్నం: 68, 89.

ఒకే అన్నానికి పక్కపక్క గొట్టాల మధ్య మాకు వస్తున్న ఎగుడుదిగుడు అటూ ఇటూ 3 పాయింట్లు. కాబట్టి 72కూ 68కీ మధ్య ఉన్న 4 పాయింట్లను తేడా అనడానికి వీల్లేదు. 72కూ 60కీ మధ్య ఉన్న 12 మాత్రం నిలబడుతుంది.

ఉడికినప్పుడు విచ్చుకున్న స్టార్చ్ గొలుసులు చల్లారాక మళ్లీ దగ్గరకు చేరి స్ఫటికాల్లా పేరుకుంటాయి. ఎంజైముకు ఆ పేర్పులోకి దారి దొరకదు. ఈ పేర్పు గది వేడిమి కన్నా ఫ్రిజ్ చలిలో బాగా సాగుతుంది. మే నెలలో మా ఊళ్లో రాత్రిపూట వంటగది వేడిమిని బట్టి చూస్తే, బయట ఉంచిన చద్దన్నం వెనకబడడంలో వింత లేదు. స్టార్చ్‌లో రెండు రకాల గొలుసులు ఉంటాయి: మళ్లీ వేడిచేస్తే కొమ్మలున్న అమైలోపెక్టిన్ కట్టిన స్ఫటికాలు 60 డిగ్రీల లోపే కరిగిపోతాయి, నిలువు గొలుసైన అమైలోజ్ కట్టినవి నీరు మరిగే వేడికి కూడా కరగవు. వేడిచేసిన అన్నం 60కీ 72కూ మధ్యలో ఆగడానికి ఇదే కారణం కావచ్చు. అమైలోజ్ ఎక్కువ ఉన్న బియ్యంతో ఈ మిగులు పెరగాలి. దాన్ని ఇంకా పరీక్షించలేదు.

ఒక జాగ్రత్తను గట్టిగా చెప్పాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నం గంటల తరబడి వెచ్చగా బయట ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. 12 పాయింట్ల కోసం అన్నాన్ని బయట ఉంచడం ఎవరికీ మంచిది కాదు. వండిన వెంటనే పలచగా పరిచి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ల్యాబులో తూచిన అన్నాన్ని ఎవరూ తినకూడదన్న నియమం వేరుగా ఉంది.

రంగు రియేజెంటు: సుమారు 270 మి.లీ.

దశ 7: నెయ్యి, పప్పు

నెయ్యి కలిపిన గొట్టాలు మొదట అసలు చదవడానికే కుదరలేదు. కొవ్వు మీదకు తేలి, పిపెట్ కొనకు పట్టి, క్యువెట్ (రీడింగు తీసే చిన్న పాత్ర) గోడ మీద పొరలా నిలిచింది. ఆల్కహాలులో ఆపిన తరువాత గొట్టాన్ని చల్లబరిచి సెంట్రిఫ్యూజ్ చేస్తే కొవ్వు మీద గడ్డకట్టింది. ఆ గడ్డకూ అడుగు మడ్డికీ మధ్యనున్న తేటను తీసి చదివితే 70 వచ్చింది. వేడన్నం 72, నెయ్యన్నం 70: తేడా లేదు.

అమైలోజ్ గొలుసు మెలికలు తిరిగి, మధ్యలో కొవ్వు ఆమ్లం తోకను ఇముడ్చుకోగలదు. అలా ఇముడ్చుకున్న గొలుసును ఎంజైము సులువుగా కోయలేదు. కానీ నెయ్యిలో ఉన్నది చాలావరకు మూడు తోకల ట్రైగ్లిసరైడు, అది ఆ మెలికలో పట్టదు. ఒకే తోక ఉన్న గ్లిసరాల్ మోనోస్టియరేట్‌ను, అంటే బేకరీల్లో వాడే పదార్థాన్ని, బియ్యం బరువులో 2 శాతం కలిపి వండితే 20వ నిమిషం అంకె 61కి దిగింది. కారణం సరిగానే పట్టుకున్నామని దీనితో ధైర్యం వచ్చింది. ఇంటి వంటకు ఇది సలహా కాదు.

పప్పన్నం లెక్క ఇంకా తెగలేదు. కందిపప్పులో ప్రోటీన్ సుమారు 22 శాతం ఉంటుంది, పాలిష్ బియ్యంలో 8 శాతం చుట్టూ ఉంటుంది. పప్పుకు సొంత స్టార్చ్ కూడా ఉంది. అందువల్ల మొత్తం స్టార్చ్‌ను విడిగా కొలవకుండా శాతం చెప్పలేం. పెప్సిన్ ఎంత ప్రోటీన్‌ను కరిగించిందో, ప్రోటీన్‌తో ఊదారంగు ఇచ్చే బైయురెట్ పరీక్షతో చూడాలనుకున్నాం, గ్వార్‌గమ్ మసకలో ఊదారంగు మునిగిపోయింది. గ్వార్‌గమ్ తీసేస్తే మెతుకులు అడుక్కి దిగుతాయి. చివరికి ప్రోటీన్ కొలతను ఈ గొట్టాల నుంచి వేరుచేసి, కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలిచే ల్యాబుకు పంపుతున్నాం. నైట్రోజన్‌ను ప్రోటీన్‌గా మార్చడానికి బియ్యానికి 5.95, పప్పుకు 6.25 చొప్పున గుణించాలి.

రంగు రియేజెంటు: సుమారు 340 మి.లీ.

దశ 8: ఈ అంకెలు ఎంతవరకు

గొట్టంలో వచ్చిన 72ను గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే ఒక ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే సూచిక, అనకూడదు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రవేశపెట్టిన ఆ సూచిక మనిషి రక్తంలో కొలిచేది. 2010 నాటి ఐఎస్ఓ 26642 ప్రమాణం ప్రకారం కనీసం 10 మంది ఆరోగ్యవంతులు పరగడుపున వచ్చి, సాధారణంగా 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న ఆహారం తిని, రెండు గంటలపాటు రక్తం ఇవ్వాలి. గొట్టం అంకె నుంచి ఆ సూచికను ఊహించడానికి 1997లో ఒక సూత్రం వచ్చింది: జలవిశ్లేషణ సూచికను (గొట్టంలో స్టార్చ్ విడిపోయిన తీరును చూపే అంకెను) 0.549తో గుణించి 39.71 కలపాలి. విద్యార్థులు దాన్ని వాడదామన్నారు, నేను వద్దన్నాను. గొట్టంలో అసలేమీ జీర్ణం కాని ఆహారానికి కూడా ఆ సూత్రం 40 దగ్గరి అంకె ఇస్తుంది. రెండు రకాల అన్నాల మధ్య చిన్న తేడాను తేల్చడానికి అది పనికిరాదు.

శరీరంలో జరిగేది చాలా పెద్దది. ఏ క్షణంలోనైనా రక్తంలో తిరిగే గ్లూకోజు మొత్తం సుమారు 4 గ్రాములు. ఒక పూట అన్నం దానికి పదింతలకు మించిన గ్లూకోజును పేగులోకి పంపుతుంది. రక్తంలో కనిపించే పెరుగుదల, పేగు నుంచి వచ్చే వేగానికీ, ఇన్సులిన్ ఆజ్ఞతో కండరాలూ కాలేయమూ దాన్ని లోపలికి తీసుకునే వేగానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. మా గొట్టం మొదటి వేగంలో ఒక భాగాన్ని చూపుతుంది. నెయ్యి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పప్పులోని అమైనో ఆమ్లాలు ఇన్సులిన్‌ను పెంచుతాయి. ఈ రెండింటినీ గొట్టం చూడలేదు. కాబట్టి నెయ్యన్నానికి మాకు తేడా రాలేదన్న మాటను, నెయ్యికి రక్తంలో ప్రభావం లేదన్న మాటగా ఎవరూ తీసుకోకూడదు.

ఇన్సులిన్ ఆజ్ఞ సరిగా సాగని శరీరంలో నష్టం గ్లూకోజు దగ్గరే ఆగదు. కొవ్వు కణజాలం కొవ్వు ఆమ్లాలను అదుపు లేకుండా వదులుతుంది, కాలేయం వాటిని ట్రైగ్లిసరైడులుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. షుగరు పరీక్షతో పాటు లిపిడ్ పరీక్ష కూడా రాయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తరువాతి రన్‌కు స్థిరపరచినవి

1. బియ్యం రెండు రకాలు: బీపీటీ 5204, తెలంగాణ సోన అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048. రెండింటి అమైలోజ్‌ను ముందుగా అయోడిన్ నీలిరంగుతో కొలుస్తాం.
2. ప్రతి రకానికీ వేడన్నం, ఫ్రిజ్ అన్నం, వేడిచేసిన ఫ్రిజ్ అన్నం. ప్రతిదానికీ పూర్తి మెతుకులు, చిదిపినవి వేర్వేరుగా.
3. ప్రతి దానికీ మూడు గొట్టాలు, రన్‌కు మూడు బ్లాంకులు, స్టాండర్డ్ ముందురోజుది.
4. చిదపడానికి అదే జల్లెడ. జల్లెడ రంధ్రం కొలత నివేదిక మొదటి పేజీలోనే ఉంటుంది.
5. అటూ ఇటూ 3 పాయింట్ల ఎగుడుదిగుడులో కలిసిపోయే తేడాలను పట్టికలో రాస్తాం, తేడాగా ప్రకటించం.
6. ఒక్కో రీడింగు రెండుసార్లు, మూడు సమయాల్లో తీస్తాం. 36 అన్నం గొట్టాలకు 216 మి.లీ., బ్లాంకులకూ స్టాండర్డులకూ మరో 40 మి.లీ. రంగు రియేజెంటు కావాలి. ఒకే విడతగా 300 మి.లీ. కలిపి పెట్టుకుంటున్నాం, మధ్యలో సీసా మారదు.